మరిగే నీళ్లలో కాపురం

బరంపురం నుంచి ఒక పెద్దావిడ రాసిన ఉత్తరం ఈసారి నా చేత ఈ నాలుగు పేజీలూ రాయించింది. సెలవులకు వచ్చిన మనవడిని వెంటబెట్టుకుని ఆవిడ తప్తపాణి వెళ్లారట. పొగలు కక్కుతున్న గుండం చూపించి "ఇంత వేడిలో ఏ పురుగూ బతకదురా, అందుకే ఈ నీళ్లంత శుభ్రం" అన్నారట. కాలేజీలో చదువుకుంటున్న ఆ కుర్రాడు ఊరుకుంటాడా? "అదేం లేదు మామ్మా, ఇంతకు రెట్టింపు వేడిలో, సలసల కాగే నీళ్లలో కాపురాలు చేసే సూక్ష్మజీవులున్నాయి" అని తేల్చేశాడట. ఆవిడ రెండు ప్రశ్నలు వేశారు. "యాభై ఏళ్లుగా నీళ్లు కాచి చల్లార్చి తాగమని ఇంటిల్లిపాదినీ సతాయిస్తున్నాను, అదంతా దండగేనా? అయినా అంత వేడికి చావకుండా ఉండడానికి వాటి ఒంట్లో ఏముంది?"

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. దండగ కాదు, మానకండి. కారణం కాస్త ఆగి చెబుతాను. రెండో ప్రశ్నకు జవాబు చాలామంది ఊహించనిది. వాటి ఒంట్లో ఉన్నది ఒక ప్రత్యేకమైన కొవ్వు. వేడి తగిలితే ముందుగా కరిగేది కొవ్వే కదా అని మనకు తెలుసు. అలాంటి కొవ్వుతోనే ఆ జీవులు వేడిని కాచుకుంటున్నాయి.

మనవడు చెప్పింది నిజమే. అయితే ఈ సంగతి లోకానికి తెలిసి అరవై ఏళ్లే అయింది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న థామస్ బ్రాక్ 1964లో ఎల్లోస్టోన్ జాతీయ వనానికి వెళ్లారు. అక్కడ వేడినీటి ఊటలు లెక్కకు మిక్కిలి. వాటి అంచుల వెంబడి పసుపు, నారింజ, గులాబి రంగుల్లో ఏదో పాచిలాంటిది పేరుకుని ఉండడం ఆయన కంటపడింది. తరవాతి సంవత్సరాల్లో ఆయన బృందం చేసిన పని వింటే ఇంత తేలికా అనిపిస్తుంది. సూక్ష్మదర్శినికి వాడే గాజుపలకలను దారానికి కట్టి మరిగే గుండాల్లోకి వదిలేవారు. కొన్ని రోజుల తరవాత పైకి లాగి చూస్తే గాజు మీద జీవులు అంటుకుని పెరిగి ఉండేవి. ఎల్లోస్టోన్ సముద్రమట్టానికి రెండు కిలోమీటర్ల పైన ఉంది కనక అక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఆ మరుగులోనే అవి పెరుగుతున్నాయి!

1966లో బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ కలిసి అక్కడి ఒక ఊట నుంచి 70 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే బాక్టీరియాను వేరుచేశారు. (వేడినీటి జీవిని పట్టుకున్న కుర్రవాడి ఇంటిపేరుకు అర్థం గడ్డకట్టడం. దేవుడికీ హాస్యం తెలుసు.) దానికి 'థెర్మస్ అక్వాటికస్' అని పేరు పెట్టి 1969లో ప్రకటించారు. ఆ జీవి నుంచి తీసిన, వేడికి చెడని ఎంజైమే తరవాత పి.సి.ఆర్. అనే పద్ధతికి ప్రాణమైంది. ఆ పద్ధతిని 1983లో ఊహించిన కేరీ మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. 2020లో కరోనా పరీక్ష కోసం మనం ముక్కులు అప్పగించామే, ఆ పరీక్ష మూలం అక్కడుంది.

కానీ నేటి కథకు థెర్మస్ నాయకుడు కాదు. దాని కొవ్వు కొంత మార్పు చేసుకున్నదే అయినా, రకానికి మన ఒంట్లో ఉన్న కొవ్వు లాంటిదే. అసలు నాయకులు బ్రాక్ బృందానికే తరవాత దొరికాయి. 1970లో ఇండియానాలో, తనంతట తానే రాజుకుని వేడెక్కుతున్న ఒక బొగ్గు చెత్తదిబ్బలో 'థెర్మోప్లాస్మా' దొరికింది. 1972లో ఎల్లోస్టోన్ నుంచే 'సల్ఫోలోబస్' వెలుగుచూసింది. ఈ రెండోది 70, 80 డిగ్రీల వేడిలో, అదీ నిమ్మరసమంత పుల్లటి నీళ్లలో బతుకుతుంది. థెర్మోప్లాస్మాది మరీ విచిత్రం. చాలా సూక్ష్మజీవులకు కొవ్వుపొర మీద గట్టి గోడ ఒకటి ఉంటుంది. దీనికి ఆ గోడ కూడా లేదు. వేడికీ ఆమ్లానికీ ఎదురుగా నిలబడ్డది ఉత్త కొవ్వుపొరే.

ఆ పొర గొప్పతనం తెలియాలంటే ముందు మనం వంటింట్లోకి వెళ్లాలి.

బెంగుళూరులో ధనుర్మాసపు తెల్లవారుజామున కొబ్బరినూనె సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు. చెన్నైలో అదే నూనె దాదాపు ఏడాదంతా నీళ్లలా ఉంటుంది. బెంగుళూరులోనే ఆ సీసా పక్కనున్న వేరుశనగ నూనె మాత్రం పేరుకోదు. తేడా ఎక్కడుంది? కొవ్వు అణువుకు పొడుగాటి తోకలుంటాయి. కొబ్బరినూనెలో ఆ తోకలు ఎక్కువగా నిటారువి. కట్టెలమోపులో కట్టెల్లాగా ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా సర్దుకుంటాయి, కాస్త చలి తగలగానే బిగుసుకుపోతాయి. వేరుశనగ నూనె తోకల్లో వంకరలుంటాయి. వంకర కర్రల మోపు ఎంత కట్టినా సందులు ఉన్నట్టే, అవి బిగుసుకోవు.

ఇప్పుడు జీవకణం సంగతి. ఏ జీవి కణానికైనా చుట్టూ ఇలాంటి కొవ్వుతో నేసిన పొర ఉంటుంది. దాని మందం ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో నాలుగైదు భాగాలు. అంతే. ఆ పొరలో కొవ్వు అణువులు రెండు వరసలుగా నిలబడతాయి. నీళ్లంటే ఇష్టమున్న తలలు లోపలికీ బయటికీ తిరిగి ఉంటాయి, నీళ్లంటే గిట్టని తోకలు మధ్యలో ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. చాలా కొవ్వుల తలల్లో ఫాస్ఫరస్ ఉంటుంది. ఇక్కడ మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ముందుకు పోలేను. జీవపదార్థంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని ఆయన, ఫిస్క్ కలిసి 1925లో ప్రకటించారు. పొరల కొవ్వును లెక్కగట్టే ప్రయోగశాలల్లో దాని సవరణ రూపాలు ఈనాటికీ వాడుతున్నారు.

ఈ పొరకు ఒక ధర్మసంకటం ఉంది. అది పేరుకోకూడదు, పేరుకుంటే అందులో ఉన్న ప్రోటీన్లు కదలలేవు, కణం చేతులు కట్టేసినట్టవుతుంది. మరీ పలచబడనూ కూడదు, పలచబడితే కారుతుంది. అందుకే మామూలు బాక్టీరియా కూడా చలికి ఒక రకం, వేడికి ఒక రకం కొవ్వు తయారుచేసుకుని పొర మెత్తదనాన్ని ఒకే తీరున ఉంచుకుంటుంది. మన పేగుల్లో ఉండే 'ఈ.కోలి' చల్లబడితే వంకర తోకలు పెంచుకుంటుంది, వెచ్చబడితే తగ్గించుకుంటుంది. 1974లో సినెన్‌స్కీ అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూపించారు.

కారితే ఏమవుతుంది? ఇంటి మీది నీళ్లట్యాంకు తలుచుకోండి. మోటారుతో నీళ్లు పైకెక్కిస్తాం, కుళాయి తిప్పితే ఆ నీళ్లే ఒత్తిడితో కిందికి దూకుతాయి. కణం కూడా హైడ్రోజన్ అయాన్లను పొర అవతలికి తోడిపోసి, అవి తిరిగి లోపలికి వచ్చే దారిలో ఒక చక్రం లాంటి ఎంజైమును తిప్పించుకుని, తనకు కావలసిన శక్తిని తయారు చేసుకుంటుంది. పీటర్ మిచెల్ 1961లో ఈ మాట అంటే చాలామంది నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు ట్యాంకుకు చిల్లులు పడ్డాయనుకోండి. మోటారు ఎంత ఆడినా లాభం లేదు. వేడి పెరిగేకొద్దీ మామూలు కొవ్వుపొరలో ఈ చిల్లులే పెరుగుతాయి. సల్ఫోలోబస్ లాంటివాటికి ఇంకో గండం ఉంది. బయట నీళ్ల ఆమ్లత లోపలికన్నా పదివేల రెట్లు ఎక్కువ. పొర కాస్త జారినా లోపలంతా ఆమ్లమే.

రెండో ఇబ్బంది కొవ్వు అణువు కట్టులోనే ఉంది. మన కొవ్వుల్లో తోకలు గ్లిసరాల్ అనే చిన్న అణువుకు 'ఈస్టర్' అనే ముడితో కట్టి ఉంటాయి. ఇంట్లో సబ్బు చేసినవాళ్లకు ఈ ముడి తెలియకుండానే తెలుసు. నూనెలో కాస్టిక్ సోడా కలిపితే ముడి ఊడిపోతుంది, తోకలు విడిపోయి సబ్బవుతాయి, గ్లిసరిన్ పక్కకు మిగులుతుంది. మరిగే నీళ్లలో, ముఖ్యంగా ఆమ్లం కూడా తోడైతే, ఈ ముడికి భద్రత తక్కువ.

ఇక్కడే అసలు మలుపు. సబ్బు కాని కొవ్వు ఒకటుందని ముందుగా తెలిసింది వేడినీళ్లలో కాదు, ఉప్పులో. తూత్తుకుడి లాంటి చోట్ల ఉప్పుమళ్లలో నీళ్లు బాగా చిక్కబడ్డాక ఎర్రబారడం మీలో కొందరు చూసే ఉంటారు. ఆ ఎరుపులో చాలా భాగం ఉప్పును ప్రేమించే సూక్ష్మజీవులది. ఉప్పుచేపల మీద ఎర్రమచ్చలు తెచ్చేవీ అవే. కెనడాలోని ఒట్టావాలో ఎస్.ఎన్. సెహగల్, మోరిస్ కేట్స్, ఎన్.ఇ. గిబ్బన్స్ ఆ జాతి జీవి ఒకదాని కొవ్వును పరీక్షించి 1962లో ఫలితాలు ప్రకటించారు. ఆ కొవ్వులో మామూలు ఫాటీ ఆమ్లాలు దాదాపు లేవు. తోకలు ఈస్టర్ ముడితో కాక 'ఈథర్' ముడితో కట్టి ఉన్నాయి. ఈథర్ ముడి సోడాకు లొంగదు, మామూలు ఆమ్లానికీ లొంగదు, వేడికీ త్వరగా లొంగదు. ఎంత కాచినా ఈ కొవ్వుతో సబ్బు చేయలేం.

తోకలు కూడా వేరే తోకలే. మన కొవ్వు తోకలు నున్నటి గొలుసులు. వీటివి ఇరవై కర్బనాల గొలుసులు, నాలుగు కర్బనాలకొకసారి పక్కకు ఒక చిన్న కొమ్మ. ఐదేసి కర్బనాల ఐసోప్రీన్ తునకలను నాలుగింటిని అతికించి ఈ గొలుసును కడతాయి. ప్రకృతికి ఈ తునక మహా ఇష్టం. హారతి కర్పూరంలో రెండు తునకలు, రబ్బరులో వేలకు వేలు. ఆకుల్లోని పత్రహరితానికి ఉన్న తోక కూడా దాదాపు ఇదే ఇరవై కర్బనాల గొలుసు. ఈ గొలుసు నిటారుదే, అయినా కొమ్మల వల్ల కట్టెలమోపులా బిగుసుకోదు. కొమ్మలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి కనక వేడికి చెదిరిపోదు. కంపచెట్టు కొమ్మలు కుప్ప పోస్తే ఎలా ఉంటుందో చూశారు కదా, ఊగుతుంది కానీ ఊడిరాదు.

మరో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. ఆ గ్లిసరాల్ కూడా మనదానికి అద్దంలో బింబం. మన కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టనట్టు, ఈ రెండూ ఒకదాని చోట ఒకటి ఇమడవు. వేడితో దీనికి పెద్దగా సంబంధం ఉన్నట్టు లేదు. కానీ దీని వెనక చాలా పాత చరిత్ర ఉంది. అక్కడికి మళ్లీ వస్తాను.

వేడినీటి జీవుల దగ్గరికి వద్దాం. థెర్మోప్లాస్మా కొవ్వును పట్టుకుని కూర్చున్న అమెరికా శాస్త్రవేత్త థామస్ లాంగ్‌వర్తీ 1977లో ఒక కొత్త ఆకారాన్ని బయటపెట్టారు. ఇటలీలో నేపుల్స్ దగ్గరి గంధకపు ఊటల జీవులతో పనిచేస్తున్న డి రోసా, గంబకోర్టా బృందమూ ఆ కాలంలోనే అదే దారిలో నడిచింది. వాళ్లు చూసిన ఆకారాన్ని కావడి అనవచ్చు. మామూలు పొరలో రెండు వరసల అణువులు తోకలు ఎదురెదురుగా పెట్టుకుని నిలబడతాయని చెప్పాను కదా. అక్కడ రెండు వరసలకూ మధ్య ముడేమీ లేదు, ఉత్త సామీప్యమే. వేడి మరీ ఎక్కువైతే రెండు వరసలూ విడిపోవచ్చు. ఈ జీవుల్లో పై వరస తోక కొన, కింది వరస తోక కొన ఒకదానికొకటి అతుక్కుని నలభై కర్బనాల ఒకే గొలుసు అయిపోయాయి. అటు చివర ఒక తల, ఇటు చివర ఒక తల, మధ్యలో రెండు బద్దలు. ముడులు నాలుగూ ఈథర్ ముడులే కనక దీన్ని 'టెట్రాఈథర్' అన్నారు. ఈ అణువులు నిలువుగా పొర ఈ చివరి నుంచి ఆ చివరిదాకా సాగి ఉంటాయి. అంటే రెండు వరసల పొర కాస్తా ఒకే వరస పొర అయింది. విడిపోవడానికి రెండో వరస ఉంటే కదా!

ఇది గట్టిదనం ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాను. గట్టిగా ఉండాలంటే రాయి చాలు. కానీ బిగుసుకుపోయిన పొర బతికున్న పొర కాదు. ఈ కావడుల పొర 80 డిగ్రీల దగ్గర కూడా జాలువారని తేనెలా, కదలిక ఉండి కారకుండా ఉంటుంది. అంతకన్నా చమత్కారం ఏమిటంటే, ఈ జీవులు ఆ బద్దల మధ్యలో ఐదేసి కర్బనాల చిన్న ఉంగరాలు తొడగగలవు. బద్దకు నాలుగు చొప్పున, ఒక్కో అణువుకు ఎనిమిదిదాకా. వేడి పెరిగితే ఉంగరాలు పెంచుతాయి, అణువులు మరింత దగ్గరగా సర్దుకుంటాయి, పొర చిక్కబడుతుంది. వేడి తగ్గితే ఉంగరాలు తగ్గించుకుంటాయి. ఈ.కోలి వంకరలతో చేసే పనినే ఇవి ఉంగరాలతో చేస్తున్నాయన్నమాట. వేడిని తట్టుకోవడమంటే గట్టిపడడం కాదు, ఎంత వేడిలోనైనా అదే మెత్తదనం నిలుపుకోవడం.

ఉంగరాలు తొడిగే ఎంజైములను సల్ఫోలోబస్‌లో 2019లో గుర్తించారు. రెండు తోకలను అతికి కావడి కట్టే ఎంజైమును 2022లో పట్టుకున్నారు. కొవ్వు కనిపెట్టిన నలభై ఐదేళ్లకు గానీ దాన్ని చేసే పనివాడు దొరకలేదు.

వేడి కొవ్వుదే అయినా ఘనతంతా కొవ్వుదే అనుకోకూడదు. ప్రోటీన్లు విప్పారిపోకుండా, డి.ఎన్.ఎ. పేటలు విడిపోకుండా ఆ జీవులకు వేరే ఏర్పాట్లున్నాయి. అన్నిటికన్నా వేడి తట్టుకునే జీవికి కావడులే ఎక్కువ ఉండి తీరాలన్న నియమమూ లేదు. ఇప్పటిదాకా తెలిసిన అత్యధిక వేడిలో పెరిగినది 'మెథనోపైరస్ కాండ్లెరీ' అనే జీవిలోని ఒక రకం. 2008లో జపాను శాస్త్రవేత్తలు దాన్ని 122 డిగ్రీల దగ్గర పెంచి చూపించారు. అది దొరికింది ఎక్కడో కాదు, మన హిందూ మహాసముద్రంలోనే. మారిషస్‌కు తూర్పున మధ్య హిందూ మహాసముద్ర పర్వతశ్రేణి మీద, దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతున, కైరేయి అనే వేడినీటి బిలాల దగ్గర. అంత లోతున ఒత్తిడి వల్ల నీళ్లు వంద దగ్గర మరగవు. మామూలు గాలి ఒత్తిడికి రెండు వందల రెట్లు ఇచ్చినప్పుడే అది 122 అందుకుంది. ఒత్తిడి బాగా తగ్గిస్తే 116 దగ్గరే ఆగిపోయింది. దాని పొరలో ఎక్కువగా ఉన్నవి కావడులు కావు, విడివిడి ఈథర్ కొవ్వులు. ఒకటి మాత్రం అక్కడా తప్పలేదు. అది ఈథర్ ముడి.

ఇక మామ్మగారి మొదటి ప్రశ్న. మీ కుక్కరులో కూత వచ్చేవేళ వేడి సుమారు 120 డిగ్రీలు. మెథనోపైరస్‌కు అది పుట్టిల్లు. అయినా మీరు బెంగపడక్కర్లేదు. ఎందుకంటే వేడిని ప్రేమించేవాటికి మన ఇల్లూ పడదు, మన ఒళ్లూ పడదు. 113 డిగ్రీలదాకా పెరిగే 'పైరోలోబస్' అనే జీవి 90 కన్నా తగ్గితే పెరగదు. మన ఒళ్లు దానికి మంచుగడ్డ. పైగా ఈ ఈథర్ కొవ్వుల వంశంలో మనిషికి రోగం తెచ్చేది ఒక్కటీ ఇంతవరకు తేలలేదు. కలరా, టైఫాయిడ్, విరేచనాలు తెచ్చేవి మన ఒంటి వేడికి అలవాటు పడినవి. వాటి పొర, వాటి ప్రోటీన్లు అన్నీ 37 డిగ్రీలకు అమర్చినవి. నీళ్లు తెర్లి ఒక్క నిమిషం మరిగితే చాలు, అవి మిగలవు. కాబట్టి మామ్మగారూ, సతాయించడం మానకండి.

అయితే రెండు జాగ్రత్తలు చెప్పాలి. కొన్ని బాక్టీరియాలు విత్తనాల్లాంటి స్పోరులుగా మారి మరిగే నీళ్లకు చావకుండా నిద్రపోతాయి. వాటి కిటుకు కొవ్వు కాదు, లోపల నీరు దాదాపు లేకుండా ఎండి ఉండడం. తాగే నీళ్లలో అవి పెద్ద బెడద కాదు. గాలి చొరకుండా డబ్బాల్లో, సీసాల్లో నిలవచేసే పులుపులేని ఆహారానికే ఆ ముప్పు. డబ్బా ఆహారం తయారుచేసే చోట 121 డిగ్రీల ఆవిరి వాడేది అందుకే. రెండోది, ఊటనీరు శుభ్రమన్న నమ్మకం. గోరువెచ్చగా, ఒళ్లు తట్టుకునే వేడిలో ఉన్న నీళ్లు ఏ క్రిమినీ చంపవు. నలభై అయిదు డిగ్రీలదాకా హాయిగా పెరిగే ఒక అమీబా, 'నేగ్లేరియా', అలాంటి నీళ్లలో ఉంటే ముక్కుగుండా మెదడుకు పాకుతుంది. అది అరుదే, కానీ సోకితే బతికినవాళ్లు బహు తక్కువ. కాబట్టి పిల్లలు ఏ వెచ్చటి గుంటలోనూ మునకలు వేసి ముక్కులోకి నీళ్లు పట్టకుండా చూడండి. ఊటనీళ్లు పుణ్యానికి నెత్తిన చల్లుకోండి, తాగడానికి మటుకు ఇంటి కాచిన నీళ్లే.

ఇందాక వదిలేసిన అద్దంలో బింబం సంగతి. 1977లోనే, అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనేవారు జీవుల ఆర్.ఎన్.ఎ. పోల్చి చూసి, బాక్టీరియా అని మనం ఒక గాటన కట్టినవాటిలో రెండు వేరు వంశాలున్నాయన్నారు. గోబర్ గ్యాస్ తొట్టిలో మీథేన్ చేసే జీవులు ఆ రెండో వంశానివి. ఉప్పుమడి జీవులూ, సల్ఫోలోబస్, థెర్మోప్లాస్మా కూడా అందులోనివే అని త్వరలోనే తేలింది. ఇంత వేరు వేరు చోట్ల కాపురముండే వీటన్నిటికీ పెద్ద ఉమ్మడి గుర్తు ఏమిటయ్యా అంటే ఈ ఈథర్ కొవ్వే! 1990లో ఆ వంశానికి ఆర్కియా అని పేరు స్థిరపరిచారు. వోస్‌ను మొదట్లో ఎగతాళి చేసినవారూ ఉన్నారు. 2012లో ఆయన పోయేనాటికి ఆ మాట ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది.

మరి మనం ఎవరి వంశం? ఇదే ఇప్పటికీ తెగని చిక్కు. మన కణాల్లో డి.ఎన్.ఎ.ను చదివే, రాసే యంత్రాలు ఆర్కియా పోలికలో ఉన్నాయి. 2015లో ఆర్కిటిక్ సముద్రపు అడుగున దొరికిన 'లోకి' ఆర్కియా మనకు ఇంకా దగ్గరి చుట్టం. కానీ మన పొర కొవ్వు మాత్రం ఈస్టర్ ముడి, నున్నటి తోక, బాక్టీరియా వైపు గ్లిసరాల్. వంశం ఒకటి, ఇంటి గోడ ఇంకొకటి. ఎప్పుడు మార్చుకున్నాం, ఎందుకు మార్చుకున్నాం? రెండు రకాల కొవ్వు కలిస్తే పొర నిలవదేమో, అందుకే మధ్యరకం జీవి లేదేమో అని కొందరు వాదించేవారు. 2018లో హాలెండులోని గ్రోనింగెన్ శాస్త్రవేత్తలు ఈ.కోలిలో ఆర్కియా కొవ్వు మూడో వంతుకు దగ్గరగా చేయించి చూశారు. అది చావలేదు సరికదా, పెరిగింది. ఆ వాదానికి బలం తగ్గింది. ప్రశ్న మాత్రం అక్కడే ఉంది.

ఇంకో దెబ్బ కూడా తగిలింది, ఈసారి 'వేడికోసమే ఈ కొవ్వు' అన్న మాటకు. 1992లో మామూలు చల్లటి సముద్రపు నీళ్లలో కూడా ఆర్కియా పుష్కలంగా ఉన్నాయని తెలిసింది. వాటిలో ఒకదాన్ని 2005లో అమెరికాలో సియాటిల్ నగరపు చేపల ప్రదర్శనశాలలోని ఒక తొట్టి నుంచి వేరుచేశారు. చల్లనీటివి అయినా వీటి కొవ్వూ కావడులే, వీటికీ ఉంగరాలున్నాయి. మరి ఎందుకు? ఆ కొవ్వు కారదు, శక్తి వృథా కానివ్వదు. తిండి తక్కువ చోట బతికేవాటికి అదొక పెద్ద ఆదా అని ఒక సమాధానం. నాకు ఇది సబబుగానే తోస్తుంది, ఎందుకంటే ఆమ్లం, ఉప్పు, వేడి, ఆకలి నాలుగింటికీ మూలసమస్య ఒకటే, ట్యాంకు కారకూడదు.

ఈ సముద్రపు ఆర్కియా చచ్చి అడుగు బురదలో చేరాక కూడా వాటి కొవ్వు చెడదు. కోట్ల ఏళ్లు ఉంటుంది. నీళ్లు వెచ్చగా ఉన్ననాడు బతికినవాటి కొవ్వులో ఉంగరాలు ఎక్కువ, చల్లగా ఉన్ననాడు తక్కువ. 2002లో హాలెండు సముద్రపరిశోధన సంస్థవారు ఈ లెక్కను ఒక ఉష్ణమాపకంగా మలిచారు. పేరు 'టెక్స్ 86', ఆ అణువులోని 86 కర్బనాలను బట్టి. నీటి వేడి ఒక్కటే కాక, అందిన తిండీ ఆ జీవుల రకమూ కూడా ఉంగరాలను మారుస్తాయి కనక దీని మీద శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదులాడుకుంటూనే ఉన్నారు. అయినా 2004లో ఉత్తరధ్రువం దగ్గర మంచు పగలగొట్టుకుంటూ ఓడలు వెళ్లి సముద్రపు అడుగు తవ్వి తెచ్చిన బురదలో ఉంగరాలు లెక్కపెట్టి, 2006లో ఒక అంకె ప్రకటించారు. సుమారు అయిదున్నర కోట్ల ఏళ్ల కిందట, భూమి ఒక్కసారిగా వేడెక్కిన రోజుల్లో, ధ్రువం దగ్గరి ఆ సముద్రపు పైనీటి వేడి 23 డిగ్రీలు దాటింది.